సాహిత్యంతో పాటు తత్వశాస్త్రం, చిత్రకళ కూడా తీసుకుంటే రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టేనా?

అచ్చుతప్పు:

నమస్కారం అందరికీ. సాహిత్యం మెయిన్‌గా మొదటి ఏడాది పూర్తయింది. రెండో ఏడాది నుంచి దాని పక్కన ఇంకో రెండు సబ్జెక్టులు ఎంచుకోవచ్చు. లిస్టులో తత్వశాస్త్రం, చిత్రకళా చరిత్ర, సంగీతం, నాటకం ఉన్నాయి. ఏదీ వద్దనుకుంటే ఆ రెండు గళ్ళలోనూ సాహిత్యం పేపర్లే నింపుకోవచ్చు. ఫారం ఇవ్వడానికి ఇంకా పదకొండు రోజులే ఉంది. మొదటి గడిలో పెన్సిల్‌తో "తత్వశాస్త్రం" అని రాసి మూడుసార్లు చెరిపాను. కాగితం అక్కడ పల్చబడిపోయింది.

ఈ ఊగిసలాట ఎందుకంటే, పోయిన నెల ఒకరోజు ఊరికే తత్వశాస్త్రం క్లాసుకి వెళ్ళి వెనక కూర్చున్నాను. ఆ రోజు పాఠం గ్రీకు తత్వవేత్త ప్లేటో, 'రిపబ్లిక్' పదో భాగం. మంచం ఉదాహరణ చెప్పారు. అసలు మంచం అనే భావం ఒకటి. దాన్ని మనసులో పెట్టుకుని వడ్రంగి చేసే మంచం రెండోది. వడ్రంగి చేసినదాన్ని చూసి చిత్రకారుడు గీసేది మూడోది. సత్యానికి అంత దూరంలో ఉన్న ఆ మూడోవాడి బాపతే కవి కూడా, కాబట్టి రాజ్యంలో అతనికి చోటు లేదు. క్లాసంతా చకచకా రాసుకుంటోంది. నా సంచిలో ఆ వారం చదవాల్సిన నవల ఉంది. దొంగసొత్తు ఒళ్ళో పెట్టుకుని పోలీస్ స్టేషన్‌లో కూర్చున్నట్టు అనిపించింది.

బయటికొచ్చాక కోపం వచ్చింది. కానీ ఆ సార్‌ని ఏమని అడగాలో తెలియలేదు. "కవిత్వం గొప్పది సార్" అనడం తప్ప నా దగ్గర ఇంకో మాట లేదు. ఆ మాట లేకపోవడమే అప్పట్నుంచీ తొలిచేస్తోంది.

మా సీనియర్ ఒకాయన మాత్రం వద్దంటే వద్దంటున్నారు. తత్వశాస్త్రం ముట్టుకున్నవాడికి కథలో మనుషులు కనబడడం మానేస్తారట, ప్రతి పాత్రా ఏదో సిద్ధాంతానికి ఉదాహరణ అయి కూర్చుంటుందట. ఇంట్లో అయితే "ఒక్కటే సరిగ్గా చదువు, రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు" అంటున్నారు. నావి మూడు పడవలని ఇంకా చెప్పలేదు.

కలిపి చదివినవాళ్ళుంటే చెప్పండి. నిజంగా ఒకటి ఇంకోదానికి పనికొస్తుందా, లేక మార్కుల లిస్టులో పక్కపక్కన ఉంటాయంతేనా? చదవాల్సింది ఎంత ఉంటుంది? నేను బాగా నిదానంగా చదువుతాను, అదొక టెన్షన్. ఇంకోటి, చిత్రకళ తీసుకోవాలంటే బొమ్మలు వెయ్యడం రావాలా? నాకు తిన్నగా గీత కూడా రాదు.


పాతనోట్సు:

ఉన్నమాట చెప్తాను. నేను తత్వశాస్త్రం తీసుకుని ఒక్క సెమిస్టర్‌కే వదిలేశాను. తప్పు సబ్జెక్టుది కాదు. సాహిత్యానికి "లోతు" వస్తుందని తీసుకున్నాను. వచ్చింది లోతు కాదు, ప్రతి వ్యాసంలోనూ ఎవరో ఒక తత్వవేత్త పేరు దూర్చే అలవాటు. ఒకసారి ఒక కవిత మీద ఎనిమిది పేజీలు రాశాను. అందులో కవిత నుంచి ఎత్తి రాసింది రెండే పంక్తులు, వాటిలో ఒకటి తప్పు. మేడం దాని కింద ఎర్రగీత గీసి "ఈ పంక్తి ఏ కవితలోది?" అని రాసిచ్చారు.

బొమ్మలు వెయ్యడం రానక్కర్లేదు. చిత్రకళా చరిత్ర అంటే చూడడం, చదవడం, రాయడం. స్టూడియో పేపరు వేరే ఉంటుంది. రెండింటి పేర్లూ ఒకేలా ఉంటాయి, చూసుకుని సంతకం పెట్టండి.


మూడోబెంచీ:

ఇది పొడుగవుతుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

నేను సరిగ్గా ఈ మూడే చదివాను. సాహిత్యం మెయిన్, పక్కన తత్వశాస్త్రం, చిత్రకళా చరిత్ర. ఇప్పుడు ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో ఉన్నాను (మీ పేరు చూడగానే చెయ్యి దురద పెట్టింది).

ముందు ఒక భ్రమ వదిలించుకోండి. యూనివర్సిటీలో ఈ మూడింటినీ మీకోసం ఎవరూ కలపరు. మాకు మూడు బిల్డింగులు, మూడు టైం టేబుళ్ళు. మూడు డిపార్ట్‌మెంట్ల టీచర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను చూసింది ఒకే ఒక్కసారి, అదీ ప్రొజెక్టర్ ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి. కొన్నిచోట్ల కావాలనే పక్కపక్కన పెడతారు. న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీలో ఏం చదవడానికొచ్చిన పిల్లలైనా ఇవన్నీ కొంత కొంత చదవాల్సిందే. అక్కడ 1919లో సమకాలీన నాగరికత అనే కోర్సుతో మొదలైంది, 1937లో సాహిత్యం, 1947లో చిత్రకళ, సంగీతం చేరాయి. అయినా అక్కడ కూడా అవి వేర్వేరు క్లాసులే. కలపడమనేది మన నోట్‌బుక్‌లో జరగాలి, జరిగితే.

ఇక మీ మంచం సంగతి. తత్వశాస్త్రంలో నా మొదటి అసైన్‌మెంట్ కూడా ఆ మంచమే. మీకొచ్చిన కోపమే నాకూ వచ్చింది. ఆరు పేజీలు రాశాను. కవి లేని రాజ్యం ఎలా ఉంటుందో వర్ణించాను, చివర ఒక ఉపమానం కూడా పెట్టాను, అదంటే నాకు చాలా ముద్దు. ఇరవైకి ఏడు వచ్చాయి. సార్ మార్జిన్‌లో పెన్సిల్‌తో ఇలా రాశారు: "ఇది వర్ణన, వాదన కాదు. ప్లేటో ఏ మెట్టు దగ్గర తప్పాడంటారు? మెట్టు నంబరు చెప్పండి."

రెండు రోజులు ఆ కాగితం ముట్టుకోలేదు. మూడో రోజు కూర్చుని ప్లేటో చెప్పినదాన్ని విడి వాక్యాలుగా రాసి నంబర్లు వేశాను. ఐదు వాక్యాలు వచ్చాయి. ఒకటీ, రెండూ సరే అనిపించాయి. మూడోది "చిత్రకారుడు మంచాన్ని అనుకరిస్తున్నాడు, కానీ మంచం గురించి అతనికి తెలిసింది తక్కువ". ఇక్కడ కాలు పట్టేసింది. చిత్రకారుడు మంచం చెయ్యబోయి చేతకాక బొమ్మతో సరిపెట్టుకున్నవాడు కాదు కదా! అతను మొదట్నుంచీ చేస్తున్నది బొమ్మ. దాని మీద ఎవరూ పడుకోలేకపోవడం దాని లోపమెలా అవుతుంది? ఇది గొప్ప జవాబని అనను. కానీ ఆరు పేజీల కోపంలో లేనిది ఈ ఒక్క వాక్యంలో ఉంది. మీరు వెతుకుతున్న "మాట" ఇలాంటిదే అనుకుంటాను.

అదే నెలలో సాహిత్యం క్లాసులో కావ్యశాస్త్రం నడుస్తోంది. అక్కడ శంకుకుడు వచ్చాడు. ఆయన రాసింది మనకి దక్కలేదు. సుమారు వెయ్యేళ్ళ కిందట కశ్మీరులో అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్యానంలో ఎత్తి చూపి విమర్శించాడు కాబట్టి ఆ మాత్రమైనా తెలుసు. శంకుకుడి ప్రశ్న ఏమిటంటే, రంగం మీద రాముడి వేషం కట్టిన నటుణ్ణి చూస్తున్నప్పుడు మన బుర్రలో ఉన్నది ఎలాంటి తెలివి? "ఈయనే రాముడు" అనుకోం. రాముడని పొరబడి, తర్వాత కాదని తెలిసి నాలిక్కరుచుకోవడమూ లేదు. "రాముడా, కాదా" అన్న అనుమానమూ ఉండదు. "రాముడిలా ఉన్నాడు" అని పోల్చుకుంటూ కూడా కూర్చోం. గోడ మీద బొమ్మ చూసి "అదిగో గుర్రం" అంటాం చూడండి, ఆ బాపతు తెలివి అది. దీన్నే చిత్రతురగ న్యాయం అంటారు.

ఆ క్లాసులో నాకు వెన్ను నిటారుగా అయిపోయింది. అక్కడ బొమ్మలో మంచం, ఇక్కడ బొమ్మలో గుర్రం. ఇద్దరూ బొమ్మని చూపించి మాట్లాడుతున్నది కవిత్వం గురించో, నాటకం గురించో. ఒకాయన "ఇది నిజానికి ఎంత దూరం?" అని కొలుస్తున్నాడు. ఇంకొకాయన "సరే, చూసేవాడి లోపల ఏం జరుగుతోంది?" అంటున్నాడు. ఈ రెండు క్లాసుల మధ్య ఐదు నిమిషాల నడక. ఆ ఐదు నిమిషాల్లోనే నా చదువు సగం జరిగిందంటే నమ్మండి.

మంచం, గుర్రం పక్కపక్కన పెట్టి వ్యాసం రాశాను. తత్వశాస్త్రం సార్ ఈసారి పదమూడు వేశారు. అదే ఊపులో కొంచెం మార్చి సాహిత్యం మేడంకి ఇచ్చాను. ఆవిడ చదివి "గుర్రం బాగుంది. నాటకం ఎక్కడ? ఒక్క సన్నివేశమైనా చూపించావా?" అన్నారు. ఇదీ వరస. ఒకరికి మెట్టు నంబరు కావాలి, ఒకరికి పంక్తి కావాలి. మొదట్లో ఇద్దరూ కలిసి నన్ను సతాయిస్తున్నారనుకున్నాను.

పైగా శంకుకుడిదే చివరి మాట కాదు. అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడు దీన్ని పట్టుకుని ఒక చిన్న ప్రశ్న వేశాడు. అనుకరణ అనాలంటే అసలుదీ, నకలూ రెండూ చూసి ఉండాలి కదా. రాముడి దుఃఖాన్ని చూసినవాడెవడు? అంతే, నా గుర్రం కుంటిదైపోయింది. వ్యాసం ఇచ్చేశాక నెలకి ఈ సంగతి చదివాను. వెనక్కి తెచ్చుకుని మళ్ళీ రాయాలనిపించింది. మార్కులు వచ్చేసిన వ్యాసాన్ని మళ్ళీ రాయాలనిపించడం నాకు అదే మొదటిసారి.

చిత్రకళ గురించి. మొదటి క్లాసులో సార్ లైట్లు తీసేసి తెర మీద ఒక బొమ్మ వేశారు. పేరు చెప్పలేదు. "నలభై నిమిషాలు చూడండి. పెన్నులు కింద పెట్టెయ్యండి" అన్నారు. ఐదు నిమిషాలకి అంతా చూసేశాననుకున్నాను. ముందు ఎర్రచొక్కా రైతు ఒంటి గుర్రంతో దున్నుతున్నాడు. ఆ కిందగా గొర్రెల కాపరి, కర్రకి ఆనుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. కుడి మూల ఒకడు గాలం వేస్తున్నాడు. ఆకుపచ్చ సముద్రం, పెద్ద ఓడ, దూరంగా నీటి అంచున సూర్యుడు. పది నిమిషాలకి విసుగొచ్చింది. పదిహేనో నిమిషంలో ముందు వరసలోంచి ఎవరో "కాళ్ళు!" అని అరిచారు. ఓడకీ, గాలంవాడికీ మధ్య నీళ్ళలో రెండు తెల్లటి కాళ్ళు తలకిందులుగా, వేలెడంత. అప్పటిదాకా అది నురగ అనుకున్నాను.

అది ఇకారస్ పడిపోయిన బొమ్మ. పదహారో శతాబ్దపు నెదర్లాండ్స్ ప్రాంతపు చిత్రకారుడు బ్రూగెల్‌ది అంటారు, ఇప్పుడున్నది పోయిన మూలానికి ఎవరో వేసిన ప్రతి అని చాలామంది పండితుల అభిప్రాయం. బ్రస్సెల్స్ మ్యూజియంలో ఉంది. తండ్రి మైనంతో అతికించి ఇచ్చిన రెక్కలతో మరీ పైకెగిరితే ఎండకి మైనం కరిగి కొడుకు సముద్రంలో పడతాడు, ఆ కథ. తర్వాత లైబ్రరీలో రోమన్ కవి ఒవిడ్ తీసి ఎనిమిదో భాగం చూశాను. ఆ ముగ్గురూ అక్కడ ఉన్నారు. గాలంవాడు, కాపరి, రైతు. కాకపోతే ఒవిడ్‌లో వాళ్ళు తలెత్తి, ఎగురుతున్న తండ్రీకొడుకుల్ని చూసి దేవుళ్ళేమో అని నివ్వెరపోతారు. బొమ్మలో ఆ ముగ్గుర్నీ ఉంచి చిత్రకారుడు వాళ్ళ మెడలు తిప్పేశాడు. కాపరి ఒక్కడే పైకి చూస్తున్నాడు, కానీ అక్కడ ఏమీ లేదు. ఇదే బొమ్మకి ఇంకో ప్రతి కూడా ఉంది, అందులో అతను చూస్తున్న ఆకాశంలో తండ్రి ఎగురుతూ ఉంటాడు. ఆ ఒక్క మనిషి ఉంటే కాపరి ఆశ్చర్యపోతున్నవాడు, లేకపోతే పరధ్యానంగా ఉన్నవాడు. గీసిన కాపరి మాత్రం వాడే.

ఇప్పుడు ఇది ఏ సబ్జెక్టు? కవి "వాళ్ళు చూశారు" అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. "వాళ్ళు చూడలేదు" అని బొమ్మలో ఎలా రాస్తారు? 1766లో లెస్సింగ్ అనే జర్మన్ రచయిత దీని మీదే ఒక పుస్తకం రాశాడు. కవిత్వం ఒకదాని తర్వాత ఒకటిగా కాలంలో నడుస్తుంది, చిత్రానికి ఒకే ఒక్క క్షణం దొరుకుతుంది, కాబట్టి ఏ క్షణం ఎంచుకున్నాడన్నదే అసలు సంగతి అంటాడు. ఇక్కడ ఎంచుకున్నది పడిన తర్వాతి క్షణం. 1938లో ఇంగ్లీషు కవి ఆడెన్ బ్రస్సెల్స్‌లో ఉండగా ఈ బొమ్మ మీద కవిత రాశాడు, అందులో రైతు మెడ తిప్పడం మళ్ళీ ఇంకోలా అవుతుంది. నేను మాత్రం తత్వశాస్త్రంలో నీతి పేపరుకి ఈ బొమ్మనే పట్టుకెళ్ళాను. చూడనివాడిది తప్పా? చూడగలిగుండీ చూడనివాడికీ, చూసే వీలే లేనివాడికీ తేడా ఎక్కడ? రైతు కళ్ళు నాగలి మీదున్నాయి, అది అతని పని. గాలంవాడికి మాత్రం ఆ కాళ్ళు చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఆ వ్యాసంలో రైతుకీ, గాలంవాడికీ వేర్వేరుగా శిక్ష వేశాను. సార్ "కాపరిని ఎందుకు వదిలేశారు?" అని రాశారు.

మూడేళ్ళలో మూడు సబ్జెక్టులూ ఒకే చోట కూర్చున్నది నాకు ఆ ఒక్క బొమ్మ దగ్గరే. ఎక్కువసార్లు జరుగుతుందని ఆశపెట్టను.

చదువు బరువు గురించి అడిగారు. నవల అయితే సాయంత్రానికి యాభై పేజీలు. తత్వశాస్త్రం ఐదు పేజీలు, అవి కూడా మర్నాడు మళ్ళీ. నిదానంగా చదివేవాళ్ళకి నవలల పేపర్లు కష్టం, తత్వశాస్త్రంలో మాత్రం ఆ నిదానమే మీ పెట్టుబడి. ఆదివారాలు పోతాయి. పరీక్షల్లో చేతులు మారిపోతాయి, అది చూసుకోండి. ఒకసారి సాహిత్యం పరీక్షలో కవిత మీద జవాబుని 1, 2, 3 అని మెట్లుగా రాసి వచ్చాను, ముందురోజు తర్కం పరీక్ష మత్తు దిగక. వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పను.

మీ సీనియర్ భయపెట్టింది మాత్రం అబద్ధం కాదు. రెండో ఏడాదంతా నాకు నవలలో ఎవరైనా చచ్చిపోతే ఏడుపు రాలేదు, "నిన్నటి మనిషీ, ఇవాళ్టి మనిషీ ఒకరేనా" అన్న పాఠం గుర్తొచ్చేది. అలా చదవడం చాలా చికాకు. తర్వాత పోయింది. ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు, ఒకరోజు బస్సులో చదువుతూ కళ్ళు తుడుచుకున్నాక తెలిసింది.


తర్కం:

మూడోబెంచీ గారి "మెట్టు నంబరు" సార్ ఎవరో గానీ, ఆయనకో దండం.

నేను తత్వశాస్త్రం వైపు మనిషిని. అచ్చుతప్పు గారూ, మీరు క్లాసు సగంలో అలిగి వచ్చేసినట్టున్నారు. అదే పదో భాగంలో ఇంకో నాలుగు పేజీలు తిప్పండి. తత్వానికీ కవిత్వానికీ తగాదా ఇవాళ్టిది కాదు, పాతదే అని ప్లేటోయే అంటాడు. ఆ వెంటనే ఇంకో మాట. కవిత్వం తన వల్ల రాజ్యానికి మేలుందని వాదించి నిరూపిస్తే సంతోషంగా వెనక్కి పిలుస్తాం, కవులు కానివాళ్ళు దాని తరఫున వచనంలో వాదించినా వింటాం అంటాడు. అంటే తలుపు మూసి గడియ పెట్టలేదు, వకాల్తా పుచ్చుకుని రమ్మన్నాడు. దేవతల స్తోత్రాలకీ, మంచివాళ్ళ మీద పొగడ్తలకీ అప్పుడూ చోటుంది. ఇదంతా రాసింది సంభాషణల రూపంలో, పాత్రలు పెట్టి, కథలు చెప్పి. ఆ గడుసుతనం గమనించారా?

ఆయన దగ్గర ఇరవై ఏళ్ళున్న అరిస్టాటిల్ ఆ వకాల్తా తీసుకున్నాడనే నా లెక్క. చరిత్ర జరిగినదాన్ని చెప్తుంది, కవిత్వం జరగగలిగినదాన్ని చెప్తుంది, కాబట్టి చరిత్ర కంటే కవిత్వమే తత్వానికి దగ్గర అన్నాడు, 'పొయెటిక్స్' తొమ్మిదో అధ్యాయంలో. మీరు ఆ రోజు ఏం అడగాల్సింది అంటే అది.

ఇక నా ఫిర్యాదు. సాహిత్యం నుంచి వచ్చేవాళ్ళు మా క్లాసులో చెయ్యెత్తి "నాకు చదువుతుంటే ఇలా అనిపించింది" అంటారు. అనిపించడం మంచిదే, ఎందుకనిపించిందో చెప్పాలి కదా. వాళ్ళు నేరుగా మోజున్న కొత్త సిద్ధాంతాల పేపరు తీసుకుంటారు, అది నేల విడిచి సాము. ముందు తర్కం పేపరు తీసుకోండి. చప్పగా ఉంటుంది, ఉండనివ్వండి. అలాగని మావాళ్ళందరికీ రాయడం రాదనుకోకండి. బెర్గ్‌సన్‌కి 1927 సంవత్సరపు నోబెల్, రస్సెల్‌కి 1950లో నోబెల్, రెండూ సాహిత్యానికే ఇచ్చారు.


తెరవెనక:

నాటకం, సంగీతం ఊసు ఎవరూ ఎత్తలేదేం? విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో ఒక ముచ్చట ఉంది. వజ్రుడనే రాజు మార్కండేయుణ్ణి విగ్రహాలు చెయ్యడం నేర్పమంటాడు. చిత్రం తెలియనివాడికి విగ్రహం రాదంటాడు ముని. సరే చిత్రం చెప్పమంటే, నృత్యం తెలియకుండా చిత్రమెలా అంటాడు. నృత్యానికి ముందు వాద్యం, వాద్యానికి ముందు గానం. పాపం రాజు అడిగింది ఒక్కటే!

నేను సాహిత్యంతో నాటకం తీసుకున్నాను. నటించలేదు, లైట్లు చూశాను, ప్రాంప్టింగ్ చేశాను. ఒకే సంభాషణ నలభైసార్లు వినాల్సి వచ్చింది. ఇరవయ్యోసారికి తెలిసింది, ఆ వాక్యంలో ఊపిరి తీసుకునే చోటు మారితే అమ్మ కొడుకుని క్షమించినట్టూ అవుతుంది, శపించినట్టూ అవుతుంది. కాగితం మీద అక్కడ కామా కూడా లేదు. నిదానంగా చదివేవాళ్ళకి ఇది బాగా సరిపోతుంది. సాయంత్రాలు మాత్రం మీవి కావు.


అచ్చుతప్పు:

అందరికీ థాంక్స్. తర్కం గారూ, నిజమే, సగంలో వచ్చేశాను. ఆ నాలుగు పేజీలు నిన్న చదివాను. వకాల్తా మాట చాలా నచ్చింది.

మంచాన్ని నేనూ వాక్యాలుగా విడగొట్టాను. నాకు ఏడు వచ్చాయి, ఐదు కాదు. నా కాలు రెండో మెట్టు దగ్గరే పట్టేసింది. ఆ సార్ దగ్గరికి రేపు ఆ కాగితం పట్టుకెళ్తున్నాను. మొదటి గడిలో పెన్నుతో రాసేశాను. రెండోది ఇంకా ఖాళీ. తెరవెనక గారు వచ్చి దాన్ని ఇంకా కష్టం చేసేశారు.

మూడోబెంచీ గారూ, ఆ బొమ్మ లైబ్రరీలో పెద్ద పుస్తకంలో దొరికింది. ఫోన్‌లో నలభై నిమిషాలు టైమర్ పెట్టుకుని చూశాను. మీరు ముందే చెప్పేశారు కాబట్టి కాళ్ళు వెంటనే కనబడ్డాయి, అది కొంచెం నష్టమే. గాలంవాడి దగ్గర కొమ్మ మీద ఒక పిట్ట కూర్చునుంది. ఇంకోటి అర్థం కాలేదు. ఎడమ పక్క, గుర్రం ముందు, పొదల్లో తెల్లగా గుండ్రంగా ఏదో ఉంది. రాయా?


మూడోబెంచీ:

ఆ పిట్ట కౌజు. అది కూడా ఒవిడ్‌లో ఉంది, తండ్రి కొడుకుని పూడుస్తుంటే రెక్కలు కొట్టుకుని సంబరపడుతుంది. దానికో పాత పగ ఉంది, చదవండి.

పొదల్లోది రాయి కాదంటారు. చచ్చిపోయిన మనిషి తల అని బొమ్మ మీద రాసినవాళ్ళు చెప్తారు. చచ్చేవాడి కోసం నాగలి ఆగదని అటువైపు ఒక సామెత ఉంది, దాన్నే అక్కడ పెట్టాడని వాళ్ళ ఊహ. మా క్లాసులో ఆ రోజు ముప్ఫై మంది ఉన్నాం, ఎవరికీ కనబడలేదు. నేనైతే ఏడాది తర్వాత పుస్తకంలో చదివి, మళ్ళీ వెళ్ళి చూశాను. మీరు ఎన్నో నిమిషంలో చూశారు?